మోడెం కొనే ముందు ఇంటికి వస్తున్న లైను ఏదో చూడండి

హొరమావులో రెండు పడకగదుల ఇల్లు అద్దెకు తీసుకున్నామని, 200 ఎంబీపీఎస్ ప్లాను వేయించుకున్నామని రాశారు. సాయంత్రం ఏడు దాటితే మీ ఆఫీసు కాల్ తెగిపోతోందని, లోపలి గదిలో మీ అమ్మగారు చూసే టీవీ ఆగి ఆగి నడుస్తోందని, అందుకని ఇంటర్నెట్ కంపెనీవాళ్లు ఇచ్చిన పెట్టె తీసేసి, నాలుగైదేళ్లు నమ్మకంగా పనిచేసే మోడెం కొనదలచానని, ఏ బ్రాండు, ఏ మోడల్ తీసుకోవాలో చెప్పమని అడిగారు. నేను బెంగళూరులో పద్దెనిమిదేళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. మొదట్లో టెలిఫోను తీగ మీద నడిచే బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లు ఇళ్లలో బిగించేవాడిని, ఆ తరువాత అపార్ట్‌మెంట్లకు, చిన్న ఆఫీసులకు నెట్‌వర్కులు వేస్తూ వచ్చాను. ఆ అనుభవంతో నా అభిప్రాయం ముందే చెబుతాను. లైనును అందుకునే పెట్టెను కంపెనీదే ఉండనివ్వండి, వైఫై ఇచ్చే పెట్టెను మాత్రం మీరు సొంతంగా కొనుక్కోండి. అయితే కొనే ముందు మీ తగాదా వైఫైతోనా, లైనుతోనా అన్నది తేల్చుకోవాలి. లైనులో లోపం ఉంటే ఎంత ఖరీదైన పెట్టె తెచ్చినా సాయంత్రం ఏడు గంటలకు కాల్ తెగుతూనే ఉంటుంది.

మనం అలవాటుగా అన్నిటినీ మోడెం అంటున్నాం గానీ, ఇంట్లోకి వచ్చే లైనును బట్టి ఆ పెట్టె పని మారుతుంది. రాగి టెలిఫోను తీగ ఉన్న రోజుల్లో, కంప్యూటరు అంకెలను తీగ మీద ప్రయాణించే సంకేతాలుగా మార్చి, తిరిగి వాటిని అంకెలుగా చేసే అసలైన మోడెం ఉండేది. ఏడీఎస్ఎల్ 2 ప్లస్ పద్ధతిలో దాని గరిష్ఠ వేగం 24 ఎంబీపీఎస్, అదీ ఎక్స్ఛేంజికి దగ్గరగా ఉన్న ఇళ్లకే దక్కేది. ఇప్పుడు మన నగరంలో ఎక్కువగా రెండు రకాల లైన్లు కనిపిస్తాయి. ఒకటి సన్నని గాజు పోగు ఉన్న ఫైబర్ తీగ. అది ఓఎన్‌టీ అనో, ఓఎన్‌యూ అనో పిలిచే పెట్టెలోకి వస్తుంది. రెండోది, భవనం వరకు ఫైబర్ వచ్చి, అక్కడి స్విచ్చి నుంచి మీ గుమ్మం దాకా లాగిన మామూలు ల్యాన్ వైరు. రెండో రకంలో మోడెం అంటూ ఏదీ ఉండదు, వైరును నేరుగా వైఫై పంచే రౌటర్ వెనుక గుచ్చుతారు. మీ పెట్టె మీద ఫైబర్ సంకేతం ఉందో లేదో చూపే పాన్, లాస్ అనే రెండు దీపాలు ఉన్నాయని రాశారు కనుక మీది ఫైబర్ కనెక్షనే.

ఫైబర్ కనెక్షన్‌కు బజారులో దొరికిన ఓఎన్‌టీ తెచ్చి పెట్టుకుంటే చాలదు. అవతల కంపెనీ కేంద్రంలో ఉండే ఓఎల్‌టీ అనే యంత్రం ప్రతి ఇంటి పెట్టెనూ దాని సీరియల్ నంబరుతోనో, కంపెనీ ఇచ్చిన గుర్తింపుతోనో గుర్తుపట్టి లోనికి రానిస్తుంది. ఆ నంబరును వాళ్లు నమోదు చేస్తే తప్ప మీ కొత్త పెట్టె వెలిగినా నెట్ రాదు. పైగా కొన్ని కంపెనీలు జీపాన్ పద్ధతిని, కొన్ని ఈపాన్ పద్ధతిని వాడతాయి, ఒకదానికి చేసిన పెట్టె రెండోదానికి పనికిరాదు. రెండింటికీ పనికొచ్చే ఎక్స్‌పాన్ పెట్టెలు ఉన్నాయి గానీ నమోదు సమస్య వాటికీ తప్పదు. కంపెనీ పెట్టె పాడైతే మార్చి ఇవ్వవలసిన బాధ్యత వాళ్లది. మీరు కొన్నది పాడైతే లోపం మీ పెట్టెలోనే ఉందని చెప్పి ఫిర్యాదు మూసేస్తారు. అందుకే లైనును అందుకునే పని వాళ్ల పెట్టెకే వదలమంటున్నాను.

ఇక పరీక్ష సంగతి. ఈ రోజు సాయంత్రం ఏడున్నరకు లాప్‌టాప్‌లో వైఫై ఆపేసి, ల్యాన్ వైరుతో కంపెనీ పెట్టెకు నేరుగా కలపండి. తెర మీద రెండు కమాండ్ కిటికీలు తెరిచి, ఒకదానిలో మీ పెట్టె చిరునామాకు, సాధారణంగా అది 192.168.1.1 అయి ఉంటుంది, రెండోదానిలో 8.8.8.8 అనే గూగుల్ సర్వరుకు పింగ్, అంటే అవతలి యంత్రం బదులిస్తోందో లేదో చూసే ఆదేశం, ఆగకుండా నడవనివ్వండి. మొదటిది నిలకడగా ఉండి రెండోది మాత్రమే తెగుతుంటే లోపం లైనులోనో, కంపెనీ వైపునో ఉంది. రెండూ బాగుండి, వైరు తీసి వైఫై మీదకు మారగానే మొదటిదే తడబడితే అది పూర్తిగా మీ ఇంటిలోని వైఫై సమస్య. రెండూ ఒకేసారి ఆగిపోయి, రెండు నిమిషాల తరువాత ఒకేసారి తిరిగి వస్తే పెట్టె దానంతట అదే ఆగి మళ్లీ మొదలవుతోందని అర్థం, అప్పుడు ముందుగా అనుమానించవలసింది అడాప్టర్‌ను.

లోపం లైను వైపు కనిపిస్తే పెట్టె సెట్టింగుల పేజీలో ఆర్ఎక్స్ పవర్ అనే అంకె వెతకండి. మీ ఇంటికి చేరుతున్న కాంతి ఎంతో అది చెబుతుంది. జీపాన్‌లో సాధారణంగా వాడే బీ ప్లస్ తరగతి పెట్టె మైనస్ 8 నుంచి మైనస్ 27 డీబీఎం (కాంతి బలాన్ని కొలిచే ప్రమాణం) వరకు కాంతిని చదవగలదు. మైనస్ 15కూ మైనస్ 24కూ మధ్య ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. మైనస్ 26, 27 దగ్గర ఊగుతుంటే, పగలు పనిచేసి రాత్రి తెగడం, వాన పడితే తెగడం వంటివన్నీ అక్కడి నుంచే మొదలవుతాయి. అంకె మూడు తగ్గితే కాంతి సగమైపోయినట్టే లెక్క, కనుక మైనస్ 21 నుంచి మైనస్ 27కు జారిన లైనులో నాలుగో వంతు కాంతే మిగిలిందన్నమాట. దానికి కారణం చాలాసార్లు ఇంటి లోపలే ఉంటుంది. తీగను తలుపు సందులో నలిపి ఉంటారు, లేదా మిగిలిన తీగను చిన్న చుట్టగా చుట్టి పెట్టె వెనుక దూర్చి ఉంటారు. ఫైబర్‌ను చేతి గాజు కంటే చిన్న చుట్టగా ఎప్పుడూ చుట్టకండి. ఇంకొక పొరపాటు కూడా నేను తరచుగా చూస్తాను. ఆకుపచ్చ కనెక్టరు కొన ఎనిమిది డిగ్రీల వాలుతో చెక్కి ఉంటుంది, నీలిది ఆ వాలు లేనిది. హడావిడిగా వచ్చిన మనిషి ఆకుపచ్చదాన్ని నీలి సాకెట్‌లో గుచ్చితే అది పడుతుంది, దీపం కూడా వెలుగుతుంది, కానీ రెండు కొనలు సరిగా ఆనక కాంతి మధ్యలోనే పోతుంది. ఊడదీసిన కొనను మాత్రం కంటితో చూడకండి. అందులోని కాంతి మనకు కనిపించదు, కానీ కంటికి హాని చేయగలదు.

అంకె బాగుండి కూడా, వైరుతో కలిపిన లాప్‌టాప్‌లో సాయంత్రం మాత్రమే వేగం పడిపోతుంటే అది రద్దీ. జీపాన్‌లో ఒక్క పోగులో కిందికి వచ్చే సుమారు 2.5 గిగాబిట్లను, అంటే 2500 ఎంబీపీఎస్‌ను, 32 ఇళ్లో, 64 ఇళ్లో పంచుకుంటాయి, ఆ పైన కంపెనీ కొన్న సామర్థ్యం ఇంకెంత ఉందో దాన్ని బట్టి ఉంటుంది. దీనికి మోడెం మందు కాదు. తేదీలు, సమయాలతో ఫిర్యాదు రాసి ఇవ్వడం, వినకపోతే కంపెనీ మారడం, ఇవే దారులు.

అడాప్టర్ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే నమ్మకమైన పెట్టె కోసం వెతికేవారు చివరికి చూసేది దాన్నే. రామమూర్తి నగర్‌లో ఉండే మా పెద్దమ్మగారి ఇంట్లో రోజూ దీపాలు పెట్టే వేళకు నెట్ పోయేది. వాళ్లబ్బాయి ఆ ఏడాదిలో రెండు రౌటర్లు మార్చాడు, కంపెనీ మనిషి లైను మూడుసార్లు చూసి వెళ్లాడు. నేను వెళ్లినప్పుడు అడాప్టర్ చేత్తో ముట్టుకుంటే ఇస్త్రీపెట్టె పక్కన చేయి పెట్టినట్టుంది. పిన్ను ఊడదీసి మల్టీమీటరు పెడితే 12.2 వోల్టులు చూపించింది, అందరూ అక్కడితో ఆగిపోయేవారు. పిన్నును రౌటర్‌కు గుచ్చే ఉంచి, లోపలి తీగల దగ్గర కొలిస్తే, మూడు ఫోన్లు వైఫైకి కలిసేసరికి 9.4కు పడిపోయింది. అడాప్టర్ విప్పి చూస్తే కెపాసిటర్ మూత గుండ్రంగా ఉబ్బి, చుట్టూ గోధుమరంగు మరక కట్టి ఉంది. వాళ్లు రౌటర్లు మార్చినప్పుడల్లా పిన్ను సరిపోతోంది కదా అని అదే పాత అడాప్టర్ వాడారు. రెండు వందల యాభై రూపాయల కొత్త అడాప్టర్‌తో ఆ ఇంటి బాధ తీరిపోయింది. కాబట్టి మీ పెట్టె మీద 12 వోల్టులు, 1.5 ఆంపియర్లు అని ఉంటే అడాప్టర్ మీద వోల్టులు అంతే ఉండాలి, ఆంపియర్లు అంతకన్నా తక్కువ ఉండకూడదు, ఎక్కువ ఉంటే నష్టం లేదు. భారత ప్రమాణాల సంస్థ గుర్తు, దానితో పాటు ఆర్ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య లేని అడాప్టర్‌ను కొనకండి.

ఇప్పుడు రౌటర్ ఎంపికకు వద్దాం. డబ్బా మీది పెద్ద అంకె కంటే ముందు రౌటర్ వెనుక వైరు గుచ్చే రంధ్రాల, అంటే పోర్టుల, వేగం చూడండి. మీరు 200 ఎంబీపీఎస్‌కు డబ్బు కడుతున్నారు. రౌటర్ పోర్టు 100 ఎంబీపీఎస్‌ది అయితే స్పీడ్ టెస్టులో ఎన్నిసార్లు చూసినా 93, 94 దగ్గరే ఆగుతుంది. ఆ అంకె కనిపించిందంటే ఎక్కడో ఒక 100 పోర్టో, ఎనిమిది తీగలకు బదులు నాలుగే బిగించిన ల్యాన్ వైరో ఉందని నేను ఫోనులోనే చెప్పేస్తాను, ఇంతవరకు అది తప్పలేదు. టీపీ లింక్ ఆర్చర్ సీ50, ఆర్చర్ సీ6 రెండింటి మీదా 1200 అనే రాసి ఉంటుంది, రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి, కానీ మొదటిదాని పోర్టులు 100వి, రెండోదానివి గిగాబిట్‌వి, అంటే 1000 ఎంబీపీఎస్‌వి. అసలు ఆ 1200 అన్నది వైఫై వాడే రెండు బ్యాండ్లలో 2.4 గిగాహెర్ట్జ్ మీది 300ను, 5 గిగాహెర్ట్జ్ మీది 867ను కూడి, గుండ్రంగా చెప్పే అంకె. ఏ ఒక్క ఫోనుకూ ఆ మొత్తం అందదు. అదే గదిలో మంచి ఫోనుకు నిజంగా అందేది ఐదారు వందల లోపే, అది మీ ప్లానుకు ఎలాగూ ఎక్కువే.

వైఫై 6 ఉన్నది, అన్ని పోర్టులూ గిగాబిట్ ఉన్నది తీసుకోండి. వైఫై 5 పద్ధతి 5 గిగాహెర్ట్జ్‌కే పరిమితం కాగా, వైఫై 6 రెండు బ్యాండ్ల మీదా పనిచేస్తుంది, పది పదిహేను పరికరాలు ఒకేసారి అడిగినా వంతులు బాగా పంచుతుంది. ఫోన్లు, టీవీ, గుమ్మం దగ్గరి కెమెరా అన్నీ కలిపి మీ ఇంట్లోనే పన్నెండు పరికరాలున్నాయని మీరే లెక్క చెప్పారు. వైఫై 7 కోసం ఇప్పుడు డబ్బు పెట్టనవసరం లేదు. యాంటెన్నాలు నాలుగున్నాయా, ఆరున్నాయా అన్నది కూడా నేను చూడను.

మీ అమ్మగారి గది సమస్య మాత్రం రౌటర్ కంటే దాని చోటుతో ముడిపడి ఉందని నా గట్టి అనుమానం. మన బెంగళూరు అపార్ట్‌మెంట్లలో బిల్డర్లు ముఖద్వారం పక్కన, చెప్పుల స్టాండు పైన, గోడలో ఒక ఇనుప పెట్టె బిగించి, నెట్, టీవీ తీగలన్నీ అందులోకి తెచ్చి వదులుతారు. కంపెనీ మనిషి వచ్చి, ఓఎన్‌టీని అందులోనే కుక్కి మూత వేసి వెళ్లిపోతాడు. ఇనుము రేడియో తరంగాలను అడ్డగిస్తుంది, పైగా గాలి ఆడని పెట్టెలో యంత్రం ఉడికిపోతుంది. మీరు పంపిన ఫొటోలో మూత సగం తెరిచి, దాని సందు నుంచి నల్ల తీగ బయటకు వచ్చి ఉన్నది అదే. ఓఎన్‌టీని అక్కడే ఉండనిచ్చి దాని వైఫై ఆపేయండి. ఆ పెట్టె నుంచి హాలులోని టీవీ గోడకు బిల్డరు ల్యాన్ వైరు వేసే ఉంటాడు. దాని చివర ఎనిమిది తీగలూ బిగించారో లేదో చూసి, కొత్త రౌటర్‌ను హాలులో, ఇంటి నడుమకు దగ్గరగా, మనిషి తల ఎత్తులో పెట్టండి. చేపల తొట్టి వెనుక, అద్దం బీరువా పక్కన, మైక్రోవేవ్ ఉన్న అరలో పెట్టకండి.

ఇరుగుపొరుగు వైఫైలన్నీ 2.4 గిగాహెర్ట్జ్ మీద కిక్కిరిసి ఉంటాయి. అందులో ఒకదానిపై ఒకటి పడకుండా ఉండే ఛానళ్లు 1, 6, 11 మాత్రమే, కనుక రౌటర్‌ను వాటిలో తక్కువ రద్దీ ఉన్నదాని మీద నిలిపి, వెడల్పు 20 మెగాహెర్ట్జ్‌కే పరిమితం చేయండి. కెమెరా వంటివాటికి అది చాలు. లాప్‌టాప్, టీవీ, ఫోన్లు 5 గిగాహెర్ట్జ్ మీద ఉండాలి. 2018లో కేంద్ర ప్రభుత్వం 5 గిగాహెర్ట్జ్‌లో ఎక్కువ భాగాన్ని లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చింది కనుక అక్కడ చోటుకు కొదవ లేదు. 52 నుంచి 144 వరకు ఉన్న ఛానళ్లలో రాడార్ సంకేతం తగిలిందనిపిస్తే రౌటర్ వెంటనే ఖాళీ చేసి వేరేచోటికి పోవాలి, ఆ క్షణాన కాల్ తెగవచ్చు, అందువల్ల 36 నుంచి 48 లేదా 149 నుంచి 161 ఎంచుకోవడం మేలు. రెండు గదుల ఇంటికి మెష్, అంటే ఒకే వైఫైగా కలిసి పనిచేసే రెండు మూడు పెట్టెల జత, అవసరం పడదు. అప్పటికీ లోపలి గదికి చాలకపోతే వైఫైని గాలిలో అందుకుని మళ్లీ వదిలే రిపీటర్ కంటే, వైరు లాగి రెండో యాక్సెస్ పాయింటు, అంటే వైఫై మాత్రమే ఇచ్చే పెట్టె, పెట్టడమే నికరమైన పని.

రెండు పెట్టెలనూ కలపడంలో ఒక చిక్కు ఉంది. ఓఎన్‌టీ కూడా రౌటర్‌లాగే చిరునామాలు పంచుతుంటే, దాని వెనుక మీ రౌటర్ మళ్లీ అదే పని చేస్తుంది, రెండూ 192.168.1.1 మీదే కూర్చుంటే అసలు పనే జరగదు. ఓఎన్‌టీని బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే చిరునామాలు పంచకుండా లైనును నేరుగా మీ రౌటర్‌కు అందించే పద్ధతిలో, పెట్టమని కంపెనీవాళ్లను అడగండి, పీపీపీఓఈ (కంపెనీ లైనులోకి లాగిన్ అయ్యే పద్ధతి) యూజర్ నేము, పాస్‌వర్డు, లైనుకు కంపెనీ పెట్టిన వీలాన్ నంబరు తీసుకుని మీ రౌటర్‌లో నింపండి. ఓఎన్‌టీకి ల్యాండ్‌లైను ఫోను కలిపి ఉంటే, ఇంటర్నెట్‌ను మాత్రమే బ్రిడ్జ్ చేసి ఫోనును అలాగే ఉంచమని స్పష్టంగా చెప్పాలి. వాళ్లు ఒప్పుకోకపోతే మీ రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టుకోండి, మీ అవసరాలకు అదీ సరిపోతుంది. పీపీపీఓఈ మీద ఒక్కో డేటా ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం, అంటే ఎంటీయూ, 1500 బైట్లకు బదులు 1492 ఉంటుంది. ఆఫీసు నెట్‌వర్కులోకి వెళ్లే వీపీఎన్ కలిసి కూడా కొన్ని పేజీలు మాత్రం తెల్లగా నిలిచిపోతుంటే ముందు ఈ ఎంటీయూ అంకెనే చూడండి.

కరెంటు విషయంలో ఫైబర్‌కు ఒక గొప్ప సౌలభ్యం ఉంది. కంపెనీ కేంద్రం నుంచి మీ ఇంటి దాకా దారిలో కాంతిని ఇళ్లకు పంచే స్ప్లిటర్లకు విద్యుత్తు అక్కరలేదు. అందుకని కాలనీ అంతా కరెంటు పోయినా, మీ రెండు పెట్టెలకూ విద్యుత్తు ఉంటే నెట్ నడుస్తుంది. 12 వోల్టుల చిన్న యూపీఎస్ ఒకటి తీసుకుని రెండింటినీ దానికి కలపండి, రెండింటి ఆంపియర్లను కూడి చూసి కొనండి. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా ఇది పనికొస్తుంది, ఎందుకంటే ఇన్వర్టర్ మారే ఆ లిప్తలోనే కొన్ని రౌటర్లు ఆగి మళ్లీ మొదలవుతాయి. బాణసవాడిలో నేనున్న ఇంటికి ఒకప్పుడు మేడ మీద నుంచి ల్యాన్ వైరు వచ్చేది. ఒక మే నెల సాయంత్రం పిడుగుల వానలో ఎక్కడో దగ్గరలో పడిన పిడుగుకు రౌటర్ వెనుక పోర్టు, లాప్‌టాప్ పోర్టు రెండూ కాలిపోయాయి. గాజు పోగు విద్యుత్తును మోయదు కనుక మీకు ఆ భయం తక్కువ. అయితే తీగకు బలం కోసం పక్కన ఉక్కు తంతి ఉంటే దాన్ని ఇంటి బయటే కత్తిరించి ఉంచారో లేదో చూడండి.

ఎలక్ట్రానిక్ వస్తువులు అమ్మే ఎస్.పీ. రోడ్డుకు వెళ్లినా, ఆన్‌లైన్‌లో కొన్నా, మోడల్ పేరుతో పాటు డబ్బా అడుగున చీటీ మీద ఉండే హార్డ్‌వేర్ వెర్షన్‌ను చూసి, తయారీ కంపెనీ వెబ్‌సైటులో ఆ వెర్షన్‌కు చివరి ఫర్మ్‌వేర్, అంటే పెట్టె లోపల నడిచే సాఫ్ట్‌వేర్, ఎప్పుడు వచ్చిందో చూడండి. రెండేళ్లుగా ఏమీ రాకపోతే ఎంత చవకైనా వదిలేయండి. కొత్త లోపాలు బయటపడినప్పుడు వాటిని సరిచేసేవారు ఉండరు. బిగించిన రోజే అడ్మిన్ పాస్‌వర్డు మార్చి, బటన్ నొక్కి పరికరాలను కలిపే డబ్ల్యూపీఎస్ ఆపి, బయటి నుంచి సెట్టింగులు తెరిచే సౌకర్యం మూసి, వైఫై భద్రతకు డబ్ల్యూపీఏ 3 పెట్టండి, పాత టీవీ కలవకపోతే డబ్ల్యూపీఏ 2, 3 కలిపిన పద్ధతి పెట్టండి. మూడేళ్ల వారంటీ ఇచ్చేవి ఉన్నాయి, బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి.

కంపెనీ ఓఎన్‌టీ వాళ్ల ఆస్తి కనుక దాని సీరియల్ నంబరు, అడాప్టర్ రెండూ కనిపించేలా ఇప్పుడే ఒక ఫొటో తీసి ఉంచుకోండి. అద్దె ఇల్లు కనుక ఎప్పుడో మారతారు. ఖాళీ చేసే రోజున పెట్టె తీసుకెళ్లే మనిషి చేత అదే నంబరు వేసిన రసీదు రాయించుకుంటే డిపాజిట్ దగ్గర పేచీ రాదు. ముందైతే ఈ సాయంత్రం వైరు పరీక్ష చేసి, ఆర్ఎక్స్ పవర్ ఎంత చూపిందో, స్పీడ్ టెస్టు 94 దగ్గర ఆగిందో లేదో రాయండి. ఆ రెండు అంకెలు చూశాక మోడల్ పేరు చెబుతాను.